కాక కొరకని గింజ

ఆర్థిక మాంద్యం రాదని ఎవరైనా ఘంటాపథంగా చెబితే నాకు మా కాక పళ్లు గుర్తొస్తాయి. జహీరాబాద్ మార్కెట్లో ఆయన కందుల వ్యాపారి. గింజ కొరికి చూడందే కొనేవాడు కాదు. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా అణిగితే పచ్చిదన్నట్టు. మనుషుల మాటలకూ అదే పరీక్ష. టీవీలో ఒక నిపుణుడు మాంద్యం రానే రాదంటే, ఈయన గింజ కొరికి, "ఇంక పచ్చిగనే ఉంది," అన్నాడు.

ఒకసారి దుబాయ్ ఫ్లాట్లు అమ్మే ఏజెంటు, ఎండలో సూటుతో, దుకాణానికి వచ్చాడు.

"అక్కడ రేట్లు పెరుగుడే గాని తగ్గుడు లేదు సార్."

కాక గింజ కొరికాడు. "కొన్నోళ్లు అండ్లనే ఉంటున్నరా?"

"లేదు సార్, ఇంకొకలకు అమ్ముతరు."

"ఆళ్లు?"

"ఆళ్లు గూడ అమ్ముతరు సార్."

"మరి ఆఖరుకు అండ్ల ఉండేది ఎవరయ్యా, ఇసుకనా?"

ఏజెంటు కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. దుకాణమంతా నవ్వింది. నేనూ నవ్వుతూనే అడిగాను.

"ఝరాసంగం రోడ్డుకు నువ్వు కొన్న ప్లాట్లల్ల ఎవరుంటున్నరు కాకా?"

అక్కడ తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు.

"అది వేరేరా. మన దిక్కు రేటు పెరుగుడే గాని తగ్గుడు లేదు."

గింజ ఆయన వేళ్ల మధ్యే ఉంది. ఆ మాటకు మాత్రం కొరకలేదు.