ఊడి రాదన్న రైఫిల్

నా రైఫిల్‌ని నేనే పాడు చేసుకున్నానని నిన్నటి నుంచి షూటింగ్ క్లబ్బంతా ఒకటే గుసగుస. పొరలు అతికించిన చెక్క స్టాకులో, అంటే పిడిలో, దాని ఇనుప భాగం కాస్త కదులుతూ గురి చెదరగొట్టేది. అందుకని బోల్టుల రంధ్రాలు పెద్దవి చేసి, వాటిలో అల్యూమినియం గొట్టాలు దించి, ఎపాక్సీ జిగురు పరిచి ఆ ఇనుమును కూర్చోబెట్టాను. జిగురు పట్టేయకుండా ముందే దానికి మా ఆయన బూటు పాలిష్ దట్టంగా పూశాను.

సింగపూర్‌లో మా క్లబ్బుకి యీషున్ పేట నుంచి వచ్చే అంకుల్ ఒకాయన నిన్న తల పట్టుకుని, ఇక్కడి యాసలో 'లా' తగిలించి అన్నారు. "ఇక ఊడి రాదు లా! సాఫ్ట్‌వేర్ చేసుకునే పిల్లవి, నీకెందుకమ్మా ఈ వడ్రంగం? మీ ఆయన్ని పిలవాల్సింది."

"ఆయనకి గోడకి మేకు కొట్టడమే రాదు అంకుల్."

ఈ సాయంత్రం అందరూ చుట్టూ మూగారు. బోల్టులు విప్పి, రబ్బరు సుత్తితో మెల్లిగా తట్టాను. ఇనుప భాగం టప్‌మని ఊడొచ్చింది. కింద జిగురు అద్దంలా మెరుస్తోంది.

"ఏదో నీ అదృష్టం," అన్నారు అంకుల్.

"అయితే మీ రైఫిల్ ఇవ్వండి, దానికీ చేసి పెడతాను."

ఆయన గబుక్కున తన పెట్టెను ఒళ్లోకి లాక్కున్నారు.

నా పనితనాన్ని నమ్మకపోతే పోనీ, అంత గొప్ప అదృష్టాన్నైనా నమ్మొచ్చుగా! మీరైతే ఇచ్చేవారా?