దబ్బనం పట్టిన గృహిణి

“సాయం చేశావు, కాదనను. సాయం వేరు, పని వేరు.”

“ఇరవై ఏళ్లూ నాది సాయమే అయితే, మరి పని చేసిందెవరండీ?”

చెక్క అడ్డుగోడకి అవతల బైండింగ్ షాపు, ఇవతల నేను పనిచేసే జెరాక్స్ షాపు. కాలేజీ మధ్యలో మానేసి ఇక్కడ చేరాను, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం నా వంతు. అవతల తుమ్మినా ఇవతల వినిపిస్తుంది. గొడవ పడుతున్నది వరసకి నాకు బాబాయి, పిన్ని.

ఆడవాళ్లని ఉద్యోగాల్లోకి తేవాలని ప్రభుత్వం పథకం పెట్టింది. పదేళ్లు చేతిపని చేసుంటే చాలు, డిగ్రీ అక్కర్లేదు. ప్రభుత్వ ముద్రణాలయంలో ఉద్యోగం. వయసు నలభై అయిదు దాటకూడదు. పిన్నికి ఆ నెలాఖరుకి నిండుతాయి. అనుభవ పత్రం మీద షాపు యజమాని సంతకం కావాలి. యజమాని బాబాయే.

షాపు ఆయనది, దబ్బనం ఆవిడది. చుట్టుపక్కల ఆఫీసుల రిజిస్టర్లన్నీ ఆవిడ కుట్టినవే. ఆయన అట్టలు కోస్తాడు, అంతకు మించి కోతలు కోస్తాడు.

మూడు రోజులు పిన్ని దబ్బనం ముట్టలేదు. అడిగితే, సాయమే కదా, కుదరలేదండి అంది. కుట్టాల్సిన కుప్ప నడుమెత్తు పెరిగింది. నాలుగో రోజు బాబాయి సంతకం పెట్టాడు.

ఆ పత్రం పట్టుకుని పిన్ని నా దగ్గరికొచ్చింది. షాపు రద్దీగా ఉంది. ‘వృత్తి’ గడి వచ్చింది. ఆడవాళ్ల ఫారం ఏదైనా నా వేలు దానంతటదే ‘గృహిణి’ మీద పడుతుంది. పడింది. అది నొక్కితే అనుభవం పేజీ తెరుచుకోదని నాకప్పుడు తెలీదు. తొందరగా అయిపోయిందని సంతోషించాను కూడా. పత్రం అడగలేదేమిట్రా అంటే, తర్వాత అడుగుతార్లే పిన్నీ అన్నాను.

నెల దాటాక జవాబొచ్చింది: ‘అనుభవం లేదు. తిరస్కరించడమైనది.’ దిద్దుకునే వీల్లేదు. మళ్లీ పెడదామంటే వయసు దాటిపోయింది. బాబాయి కుప్పని ఆవిడ వైపు జరిపాడు.

తప్పు నాదేనని చెప్పాను. తిడితే బాగుండేది. దారానికి మైనం రాసుకుంది. తర్వాత తలెత్తకుండానే అంది:

“వచ్చే నెల మా అమ్మాయి కాలేజీ ఫారం తెస్తుంది. అందులో తల్లి వృత్తి అని ఉంటుందట కదా. ఆ గడి నువ్వు నింపకురా. నన్ను పిలువు.”