పేరయ్యను అరుగు దింపిన చదువు

విజయవాడలో ఇంటర్ అంటే ఎంపీసీ, కాదంటే బైపీసీ. పేరయ్య కూతురు గంగాదేవి సీఈసీలో చేరిందని తెలిసి హాస్టలు పిల్లలు జాలిపడ్డారు. ఆమెకు మాత్రం సివిక్స్ అంటే ప్రాణం. కోర్టుల గురించి, హక్కుల గురించి లెక్చరరు జ్ఞానేశ్వరి గారు చెప్పిన ప్రతి మాటనూ బందరు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న తమ పాలేనికి మోసుకుపోయేది.

1996 వేసవి సెలవుల్లో పాలెంలో పంచాయితీ పడింది. అక్కడ పడిన చేపా రొయ్యా అంతా ఆ రేవును వేలంపాటలో పాడుకున్న షావుకారుకే అమ్మాలన్నది కట్టుబాటు. గంగాదేవి మేనత్త సన్యాసమ్మ ఓ బుట్ట రొయ్యలు హనుమాన్ జంక్షన్‌కు పట్టుకుపోయి వేరేవాళ్లకు అమ్ముకుంది. తగువు తీర్చడానికి కులపెద్దలు అరుగెక్కారు. వాళ్లలో పెద్ద పేరయ్య. సన్యాసమ్మకు స్వయానా అన్న.

పేరయ్య పద్ధతి ఊరందరికీ తెలుసు. చుట్ట వెలిగించి, వలల సంగతీ పడవల సంగతీ అడుగుతూ, ఎదుటివాళ్ల కోపం చల్లారేదాకా కాలం జరిపేవాడు. చివరికి అమ్మోరికి కొబ్బరికాయ కొట్టించి పంపేసేవాడు. ఎవరి తగువైనా అంతే. చెల్లెలికని వేరే ఏమీ లేదు.

ఆ రోజు చుట్ట సగం కాలిందో లేదో, గంగాదేవి ఆడవాళ్ల మధ్యనుంచి లేచి నిలబడింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

"నాన్నా, అత్త తగువు నువ్వు తీర్చకూడదు. సొంతవాళ్ల కేసులో జడ్జీ కూర్చోడు. మా పాఠంలో ఉంది."

పేరయ్య చుట్ట ఆర్పి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అరుగు దిగాడు. చదువుకున్న పిల్ల చెప్పాక కాదనేదేముందన్నాడు. గంగాదేవి మనసు ఉప్పొంగింది.

ఆ సంబరం కాసేపే. అరుగు మీద మిగిలినవాళ్లలో గట్టిగా మాట్లాడేది వెంకటప్పయ్య ఒక్కడే, అతను షావుకారు మనిషి. చూస్తుండగానే సన్యాసమ్మను వెలివేశారు. ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు, నిప్పివ్వకూడదు, ఆమె బుట్టకు చెయ్యి సాయం పట్టకూడదు. పేరయ్య తల వంచుకుని విన్నాడు.

తెల్లారి గంగాదేవి గిన్నెలో చేపల పులుసు పట్టుకుని మేనత్త గుమ్మం ముందు నిలబడింది. తలుపు తెరుచుకోలేదు.

"మళ్లీ ఏం చట్టం పట్టుకొచ్చావే లాయరమ్మా? పో. నాతో మాట్లాడితే నిన్నూ వెలేస్తారు."

ఆ మాటలో కోపమున్నా బాగుండేది. మేనత్త ఒక్కతే బుట్ట నెత్తికెత్తుకోబోయి, ఇసకలో పారబోసుకుని, ఒక్కొక్క చేపా ఏరుకోవడం గంగాదేవి దూరంనుంచి చూసింది. ఊరంతా చూసింది. ఎవరూ కదలలేదు.

ఇక ఆగలేక గంగాదేవి వెంకటప్పయ్య ఇంటికి పోయింది. పెద్దల ముందు పుస్తకంలో మాట తేవడం తప్పని, అసలు ఆ మాటే తప్పని అందరి ఎదుటా ఒప్పుకుంటే వెలి తీయిస్తానన్నాడు. ఆ సాయంత్రమే గంగాదేవి అరుగు ముందు చేతులు కట్టుకుని ఒప్పుకుంది. వెలి తీసేశారు. తన గుమ్మంలోకి వచ్చిన ఆడవాళ్లను పట్టుకుని సన్యాసమ్మ భోరున ఏడ్చింది.

పేరయ్యను మళ్లీ అరుగెక్కమన్నారు. ఆయన ఎక్కలేదు. ఇంటి ముందు కూర్చుని వల అల్లుతూ కూతుర్ని పిలిచాడు.

"మీ పాఠంలో నిజంగానే అట్లా ఉందా?"

"ఉంది నాన్నా."

"మరి తప్పని ఎందుకన్నావు?"

అత్త కోసమన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. తన మాట నమ్మి అరుగు దిగింది మాత్రం ఆయనే గదా. గంగాదేవి ఆయన పక్కన కూర్చుని, చిరిగిన వల అంచు తన వైపుకు లాక్కుంది.