గూళ్లు అమ్మకుండా ఆగిన వారం

ఇరవై రెండేళ్ల వయసులో దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తం అర్థమైపోయినట్టే ఉంటుంది. ఆ రోజుల్లో నాకైతే అర్థం కానిదంటూ ఏదీ మిగల్లేదు. మదనపల్లెలో ఒక షేర్ల కంపెనీలో చేరిన కొత్తల్లోనే నన్ను కుప్పంలో తెరిచిన బ్రాంచికి పంపారు. అక్కడ నేను, ఒక కంప్యూటరు, గోడ మీద పెద్ద ఎద్దు బొమ్మ. (మార్కెట్ పెరగడానికి గుర్తట. పాడి రైతులు తలుపు తోసుకొచ్చి, పశువుల ఆస్పత్రి ఇదేనా అని అడిగి పోయేవారు.) బస మాత్రం శాంతిపురం దగ్గరి పల్లెలో, మా మేనమామ ఇంట్లో. ఖాతాదారులు లేక పగలంతా నాలో నిలవ ఉండిపోయిన విజ్ఞానాన్ని సాయంత్రం ఆయన మీద కుమ్మరించేవాణ్ణి. ఆయనా తక్కువవాడు కాదు. ఊళ్లో అందరూ ఆయన్ని 'బడ్జెట్టప్ప' అనేవారు. వడ్డీ రేట్లు పెరిగాయని ట్రాక్టరు కొనడం వాయిదా వేసేవాడు, తగ్గితే ఇంకా తగ్గుతాయేమోనని మళ్లీ వాయిదా వేసేవాడు. (ట్రాక్టరు చివరికి కొననేలేదు.)

పట్టుపురుగుల పెంపకం అంతా అత్తది. ఇంటి వెనక పొడుగాటి గదిలో వేలకొద్దీ పురుగులు మల్బరీ ఆకు కొరుకుతుంటే బయటికి అచ్చం వాన కురుస్తున్నట్టు వినిపించేది. వెళ్లిన మొదటి రోజు నేను పరుగెత్తి తాడు మీది బట్టలు కూడా తీసేశాను. ఆ జనవరిలో పురుగులు గూళ్లు కట్టడం ముగించే వేళకు, పుంగనూరులో ఉన్న కూతురికి నొప్పులొస్తున్నాయని అత్తకు ఫోనొచ్చింది. సంచి సర్దుకుంటూ నన్ను పక్కకు పిలిచింది.

"నాయనా, మీ మామ మాటలు ఇనబాక. గూళ్లు తట్టల్లోంచి ఇడిపించినంక నేరుగా మార్కెట్టుకు తీస్కపోండి. కూతురు బిడ్డను తీసుకొని వచ్చేలోపల స్నానాల గది కట్టించల్ల."

తలూపాను. అయితే ఆ వారమే గూళ్ల రేటు దారుణంగా పడిపోయింది. మామ మొహం వెలిగిపోయింది.

"చైనా పట్టు దిగతాండాది అల్లుడా, సుంకం తక్కువ. అందుకే పడింది. ఇప్పుడు జనం మల్బరీ తోటలు పీకేస్తారు. పీకేస్తే సరుకు తగ్గి రేటు లేస్తాది. లేస్తే మళ్లా అందరూ నాటతారు, మళ్లా పడతాది. ఇదంతా ఒక సక్రం. ఈ బడ్జెట్లో సుంకం పెంచతారు, సూడు. వారం ఆగితే సాలు."

"హోల్డ్ చేద్దాం మామా," అన్నాను గంభీరంగా. ఆ మాట ఆఫీసులో అనే అవకాశం అంతవరకూ రాలేదు. తర్వాత ఎందుకో, "మరి లోపల పురుగు ఉంటుంది కదా?" అని కూడా అడిగాను.

"ఎండలో పెడితే సచ్చిపోతాది. మా నాయన అట్లనే సేస్తా ఉన్న్యాడు."

మిద్దె మీద గూళ్లు పరిచాం. ఆ వారమంతా పొగమంచు, మబ్బు. ఎండ కనబడితే ఒట్టు. చివరికి వాటిని తెచ్చి వెనక గదిలో పోసి తలుపేశాం. అత్త పుంగనూరు నుంచి ఫోన్ చేసి, ఆడబిడ్డ పుట్టిందని చెప్పి, "గూళ్లు మార్కెట్లో ఏసినారా?" అని అడిగేది. "ఏస్తాండాం," అనేవాడు మామ. ఆకు కొరికే చప్పుడు ఆగిపోయి ఇల్లు వింత నిశ్శబ్దంగా ఉండేది. ఆ గది ముందు నుంచి నడిచేటప్పుడు ఇద్దరం తెలియకుండానే అడుగులు మెల్లగా వేసేవాళ్లం.

బడ్జెట్ రోజు పొద్దున టీవీ ముందు కూర్చున్నాం. ప్రసంగం మొదలైన కాసేపటికి మామ తల పక్కకు తిప్పాడు.

"వాన పడతాండాదా?"

కిటికీలోంచి చూశాను. ఇన్నాళ్లూ రాని ఎండ ఆ రోజే వచ్చి వాకిట్లో నిలబడింది. "లేదు మామా."

"మరి ఆ సప్పుడు యాడిది?"

ఇంట్లో ఒక్క పురుగు లేదు. ఒక్క ఆకు లేదు. అయినా వెనక గదిలో సన్నగా, ఎడతెగకుండా ఏదో రాలుతున్నట్టే ఉంది. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం వెళ్లి తలుపు తోశాం.

నేల కనబడలేదు. గోడలూ సగం వరకు కనబడలేదు. గూళ్లు తొలుచుకుని బయటపడ్డ పట్టుచిలకలు. తెల్లటి రెక్కలు, నల్లటి కళ్లు. ఎగరడం లేదు, రెక్కలు మాత్రం వణికిస్తున్నాయి. చిల్లులు పడ్డ గూళ్ల మీద తడి మరకలు. తలుపు తెరవగానే పడిన వెలుతురు వైపు అన్నీ ఒక్కసారిగా నడవడం మొదలుపెట్టాయి.

"మన కాడికే వస్తాండాయి రా," అన్నాడు మామ. ఒకదాన్ని వేలి మీదికి ఎక్కించుకుని దగ్గరగా చూశాడు. "దీనికి నోరు లేదు రా. తినను గూడా లేనిది ఏల వచ్చినట్టు?"

ముందు గదిలో టీవీ మాత్రం తన పాటికి తాను మాట్లాడుతూనే ఉంది. ముడిపట్టు దిగుమతి సుంకం పెంచుతున్నారట. మామ చెప్పింది అక్షరాలా నిజమైంది. ఆయన జీవితంలో నిజమైన మొదటి జోస్యం అదే. దాన్ని వినడానికి పురుగులు గడప దాటి టీవీ దాకా వచ్చాయి, మేమే అక్కడ లేము.

మధ్యాహ్నం ఆటో ఆగింది. ఫోన్లో మామ గొంతు బాగాలేదని అనుమానం వచ్చి అత్త ఒక్కతే వచ్చేసింది. మేము గోడకు అతుక్కుని నిలబడ్డాం. ఆమె చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని, ఒక్కటీ కాలి కింద పడకుండా గది మధ్యదాకా నడిచింది. చిల్లు పడ్డ గూడొకటి ఏరి వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇన్నేండ్లు మేపినా," అంది చివరికి, మెల్లగా. "ఒకటో రెండో తప్ప, ఇట్ల అన్నీ లేసి వచ్చేది ఎప్పుడూ సూడలేదు. నేను అమ్మిపంపిన గూళ్లన్నిట్లో ఉన్నింది ఇవేనా?"

తిట్లు సాయంత్రం మొదలయ్యాయి. మామ వంశంలో ఎవరినీ వదల్లేదు, నన్నూ ఆ వంశంలోనే కలిపేసింది. చిల్లులు పడి దారం తీయడానికి పనికిరాని గూళ్లను వ్యర్థం కింద కొనేవాళ్లు వచ్చి తూచుకుపోయారు. పెరిగిన రేటుతో స్నానాల గది తర్వాతి పంటకు లేచింది. ఆ పంటను మార్కెట్టుకు మామే మోసుకెళ్లాడు, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా.

ఇప్పుడు మదనపల్లెలో నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఏది కొనాలో గడగడా చెబుతాను. ఎంతకాలం ఉంచుకోమంటారు అని అడిగితే మాత్రం గొంతు సవరించుకుంటాను. ఆ పొద్దున ఇస్త్రీ చొక్కా మీద పాకుతున్న తెల్లటి పురుగును దులపడానికి ధైర్యం చాలక, ఊపిరి బిగబట్టి గుమ్మంలో నిలబడిపోయిన కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. పాపం, ఆ తలుపు తోసేదాకా వాడికి తెలిసినంత నిశ్చయంగా ఏ విషయమూ నాకు మళ్లీ తెలియలేదు.