గీతలు అరిగిన వేళ్లు

బియ్యం కార్డుకు అర్జీ పెట్టడానికి అమ్మా నేనూ బేతంచెర్లలో సచివాలయానికి వెళ్లాం. ఇరవై ఏళ్లుగా నాపరాళ్లకు పాలిష్ పట్టిన అమ్మ వేలికి వేలిముద్రల మిషన్‌లో ఎర్ర లైటే వెలిగింది. నూనె రాసుకున్న తలకు వేలు రుద్దుకుని మళ్లీ పెట్టింది. పది వేళ్లూ అయిపోయాయి, ఒక్క ముద్రా పడలేదు.

"గీతలన్నీ బండలకే ఇచ్చినావామ్మా?" అంది ఆఫీసులో అమ్మాయి.

"అన్నం తినేది నేనా, నా ఏలిముద్రా?" అంది అమ్మ. నాకు నవ్వాగలేదు.

ఇంట్లో ఉండేది మేమిద్దరమే కాబట్టి నన్ను పెట్టమన్నారు. మూడోసారికి ముద్ర పడింది.

"నీ గీతలూ సన్నబడతాండాయి పాపా," అంది ఆఫీసులో అమ్మాయి. "నెలనెలా బియ్యానికి ఈ ఏలే పెట్టల్ల. ఏం పని చేస్తాండావు?"

అమ్మ పనిచేసే ఫ్యాక్టరీలోనే నేనూ చేరి రెండేళ్లయింది. అమ్మ నా బొటనవేలిని వెలుతురుకు తిప్పి చూస్తూనే ఉంది.