కోరగుడ్డ అట్ట

ఒక్క పుస్తకం అట్టతో కాన్పుల వార్డు మొత్తాన్నీ బెంబేలెత్తించిన ఘనత ఈ చుట్టుపక్కల ఎవరికైనా ఉందంటే అది నాకే. నా కథ విని ఇంకా పెళ్లి కాని మా తమ్ముడు కూడా దండం పెట్టాడు. మీరు కాస్త గుండె గట్టి చేసుకుని చదవండి.

అప్పుడు నేను షాద్‌నగర్‌లో ఒక ప్రెస్సులో డిజైనర్‌ని. డిజైనర్ అంటే మరేం లేదు, పుట్టినరోజు ఫ్లెక్సీల మీద నాయకుల మొహాలు తెల్లగా చేయడం. ఒకరోజు చిన్న దవాఖాన నడిపే డాక్టరమ్మ వచ్చింది. కాన్పయిన ప్రతి ఇంటికీ ఒక పుస్తకం ఇస్తుందట. టీకాలు, మొదటి పన్ను, మొదటి అడుగు అమ్మానాన్నలు అందులో రాసుకోవాలి. అంతకుముందు గులాబీ, నీలం అట్టలు ఇచ్చి చూసిందట. గులాబీది చేతిలో పడగానే కొందరు తండ్రులు మొహం వేలాడేసుకుని బయటికి నడిచేవారట.

"ఆడపిల్లనో మొగపిల్లగాడో అట్ట చెప్పొద్దు. గా ఒక్కటి చేసిపెట్టు చెల్లె," అంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పుస్తకంలో నా పేరు కూడా వేస్తానంది. ఫ్లెక్సీల నుంచి బయటపడటానికి నాకున్న దారి అదొక్కటే.

పసుపు పెట్టాను. ఎలక్షన్లు దగ్గరికొచ్చాయి, అది ఫలానా పార్టీ రంగు అన్నాడు మా ఓనరు యాదగిరన్న. కాషాయం పెడితే ఇంకో పార్టీ, ఆకుపచ్చ పెడితే మరొకటి. ఎరుపు పెడితే ఆయనకు ఎప్పటిదో సమ్మె గుర్తొచ్చి అన్నం కూడా సహించలేదు. ఇంద్రధనుస్సులో నాకంటూ ఒక్క గీత మిగల్లేదు.

దిగులుతో ఆదివారం ఇంటికి పోయాను. మాది నల్లగొండ దిక్కు నేత కుటుంబం. బాపు మగ్గం పక్కన కోరగుడ్డ తాను కనిపించింది. రంగద్దని బట్ట. ఆడా కాదు, మగా కాదు, ఏ పార్టీ జెండా కాదు. దాన్ని సంకన పెట్టుకుని బస్సెక్కాను. ఆ బట్టనే అట్టలకు అంటించి, పైన బూడిద రంగు అక్షరాలు వేయించాను. జర బోసిగా ఉందని యాదగిరన్న గొణిగితే, సాదాతనంలోని అందం గురించి ఆయన చాయ్ చల్లారేదాకా ఉపన్యాసమిచ్చాను. హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగిన డాక్టరమ్మ మాత్రం చూసి మురిసిపోయింది.

వార్డులో మొదటి పుస్తకం ఇచ్చే రోజు నేనూ వెళ్లాను. ఫోటో కోసం డాక్టరమ్మ దాన్ని పసిబిడ్డ పొత్తిళ్ల మీద ఆనించింది. పక్కనే ఉన్న బిడ్డ నానమ్మ, కొత్తకోట నుంచి వచ్చిన ముసలామె, పుస్తకాన్ని రెండు వేళ్లతో తీసి కింద పెట్టింది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని నన్ను అడిగింది.

అప్పుడు వెలిగింది నాకు. మా దిక్కు మనిషి పోతే కప్పేది కోరగుడ్డే. దానికోసం మా గడప తొక్కిన ప్రతివాళ్లనూ మా అమ్మ అడిగే మాట కూడా అదే. పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. రంగుల వేటలో పడి ఒక్కసారీ గుర్తు రాలేదు.

ఇది ఆడపిల్లకూ మగపిల్లాడికీ ఒక్కటే రంగని డాక్టరమ్మ సర్దిచెప్పబోయింది.

"నిజమే తల్లీ," అంది ముసలామె. "ఎవలికైనా ఆఖరుకు కప్పేది గిదే గదా."

అంతే. ఆడపిల్లల తల్లిదండ్రులు, మగపిల్లల తల్లిదండ్రులు ఏ తేడా లేకుండా, ఒకే వేగంతో పుస్తకాలు వాపసు చేశారు. డాక్టరమ్మ కోరిన సమానత్వం ఆ ఒక్క పూట సాధించాను.

మర్నాడు ఆ అట్టల మీద సగానికి గులాబీ, సగానికి నీలం కాగితం నా చేతులతోనే అంటించాను. గులాబీది అందుకున్న ఒకాయన మొహం వేలాడేసుకుని బయటికి నడిచాడు. చూసి ఏడుపొచ్చింది.

అందుకని పాఠక మహాశయులారా, నా మౌసు మీద ఒట్టు. ఇకమీదట ఏ పుస్తకానికీ ఏ మనిషీ అభ్యంతరం చెప్పని రంగు వెతకను. అలాంటిది ఒక్కటే ఉంది, కప్పించుకున్నవాళ్లెవరూ ఇప్పటిదాకా అభ్యంతరం చెప్పలేదు.