డూప్లికేటు గిటారు కడుపులో ఊదు పొగ

మహబూబాబాద్‌లో మా ఇంటి బీరువా మీంచి పాత బేస్ గిటారును దించి, శబ్దం కోసం దాని పొట్టకు కోసిన చీలికల దగ్గర ముక్కు పెడితే, దుమ్ము వెనకాల సన్నగా ఊదు వాసన ఇప్పటికీ వస్తుంది. పక్కన గోడకు ఆనించి ఉన్న కొత్తది, అంటే అసలుది, వార్నిషు వాసన తప్ప ఇంకేమీ ఎరగని పెద్దమనిషి. దాన్ని నేనే కొన్నాను. కొనగలిగేసరికి ఆలస్యమైపోయింది.

మా బాపు ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు. వినాయకుడి పందిళ్లు లేచే ముసురు రోజుల నుంచి పెళ్లిళ్ల ఎండాకాలం దాకా గార్ల, నర్సింహులపేట, చెల్పూర్ అంటూ తిరిగి, చొక్కా నిండా జనరేటర్ డీజిల్ వాసనతో ఇల్లు చేరి, నేను బతుకమ్మ సత్తుపిండి తింటూ కూర్చుంటే అసలు గిటారు గొప్పలు చెప్పేవాడు. దాని కడుపు మంచి కర్రతో పలచగా, బోలుగా ఉంటుందట, తీగ మీటితే శబ్దం గుండ్రంగా వస్తుందట. మాది చూపుకు అచ్చం అలాగే ఉన్నా కడుపు చెక్కంతా ప్లైవుడ్ అతుకులు, తీగలేమో ఎత్తుగా ఉండి వేళ్లు కోసేవి.

"డూప్లికేటుకు డూప్లికేటు సప్పుడే వస్తది బిడ్డా" అనేవాడు.

దసరాకు అందరూ కత్తులకు, నాగళ్లకు పూజ చేసినట్టే మేం గిటారుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ పెట్టేవాళ్లం. బోలుగా ఉన్న లోపలికి కూడా దేవుడు పోవాలని అమ్మ నిప్పుల గిన్నెలో ఊదు వేసి, పొగంతా చీలికల్లోకి పట్టేది. ఒక దసరాకు బాపు జమ్మి తేవడానికి పోతే, ఆయన వచ్చేదాకా ఆ గిన్నెను గిటారు కిందనే ఉంచింది. సెగకు బంక కరిగి పైచెక్క లేచింది. బాపు వచ్చి తీగ మీటగానే గుర్రుమంది.

"పొట్ట మీద కొట్టినవ్ గదనే" అన్నాడు. తెచ్చిన జమ్మి ఆకును బంగారమంటూ ఇంటింటికీ పంచాడు గాని అమ్మ చేతిలో పెట్టలేదు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. వడ్రంగి ఎన్నిసార్లు అతికించినా ఆ గుర్రు పోలేదు. దానితోనే ఏళ్లకేళ్లు లాక్కొచ్చి, నన్ను చదివించాడు.

ఇప్పుడు ఆర్కెస్ట్రాలు లేవు, ఏ ఊరేగింపు చూసినా డీజేలే. అమ్మ లేదు. స్పీకర్ బాక్సుల పక్కన నిలబడి నిలబడి బాపుకు చెవులు పోయాయి. మొన్న దసరాకు అసలు గిటారు తెచ్చి ఒళ్లో పెట్టాను. నిజంగానే, ఆయన చెప్పినట్టే, గుండ్రని శబ్దం. విన్నది నేను, ఆయన కాదు. కాసేపు మీటి, అలసిపోయినట్టు పక్కన పెట్టి, పాతదాన్ని తెమ్మని చేయి చూపించాడు. పొట్టకు ఆనించుకుని మీటితే లేచిన చెక్క గుర్రుమని అదిరింది.

"గిది ఇనవడ్తాంది" అన్నాడు, పొట్ట మీద చేయి పెట్టుకుని.

సాయంత్రం అందరికీ జమ్మి పంచి, ఒక రెమ్మ మిగుల్చుకుని, దాన్ని అమ్మ ఊదు పొగ పట్టిన చీలికలోంచి లోపలికి వేశాడు. గిటారును దించినప్పుడల్లా ఆ ఎండు రెమ్మ లోపల కదులుతుంది.